నట్టిల్లు అంటే మీ వైపు ఏ గదండీ?

అడిగినవారు (పి.గన్నవరం దగ్గర):
పెద్దలకు నమస్కారం. మొన్న మాఘమాసంలో మా ఊళ్ళోనే ఓ పాత మండువా లోగిలి కొన్నాం. పదమూడు సెంట్ల జాగా, తూర్పు ముఖం ఇల్లు. ఇరవై ఏళ్ళ నుంచీ ఒక్క పెద్దావిడే ఉంటున్నారు. తాళాలు చేతిలో పెడుతూ ఆవిడ ఒకే మాట అన్నారు: "అంతా మీ ఇష్టం బాబూ. నట్టింట్లో మాత్రం మేకు కొట్టించకండి."

సరేనండి అని తలూపి వచ్చేశాను. వీధి మలుపు తిరిగాక మా ఆవిడ అడిగింది, "ఇంతకీ నట్టిల్లంటే ఏదండీ?" అని. నోట మాట రాలేదు. నట్టింట, నట్టింట అని పుట్టినప్పట్నుంచీ అంటూనే ఉన్నాం, వేలు పెట్టి చూపించమంటే తెలీదు.

నిన్న తాపీమేస్త్రిని, కరెంటు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఇల్లంతా తిరిగాం. వీధరుగులు రెండు. ఎడమ అరుగు మీది గోడకి నడుమెత్తున ఓ గీత, పక్కన తారుతో "86" అని. ఆ ఏడు ఆగస్టు వరద గీతట. లోపలికెళ్తే నడవ, ఆ తర్వాత మండువా. నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్ళు అందులోనే పడి, మూలనున్న తూములోంచి పెరట్లోకి పోతాయి. పెంకులు రెండు రంగుల్లో ఉన్నాయి, 96 తుపానుకి లేచిపోయినవి మార్పించినట్టున్నారు. కిందపడ్డ ఓ బంగాళా పెంకు తిరగేసి చూస్తే కంపెనీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, సగం అరిగిపోయి. మండువాకి ఉత్తరాన సావిడి, దక్షిణాన గాదె ఉన్న కొట్టుగది. పడమర పక్కన పొడుగాటి గది ఒకటి, దాని వెనక పడమటిల్లు, వంటిల్లు, ఆ వెనక నుయ్యి.

మా ప్లాను ఇదీ. పడమటింటికి ఎటాచ్డ్ బాత్రూం, పొడుగాటి గదిలో గోడకి టీవీ, మండువా మీద పాలికార్బనేట్ షీటు. కరెంటు కుర్రాడు డ్రిల్లు తీసి "ఎక్కడ కొట్టమంటారండీ" అన్నాడు. మా నాన్నగారు ఆ పొడుగాటి గదే నట్టిల్లన్నారు. మేస్త్రి మండువానే అన్నాడు. మా ఆవిడ సావిడి అంది. డ్రిల్లు మళ్ళీ సంచీలోకి వెళ్ళిపోయింది. మీరే తేల్చాలి.

పాలకొల్లు మాస్టారు:
ముందు మాట సంగతి చూద్దాం, గది సంగతి తర్వాత. పదో తరగతిలో ద్విరుక్తటకార సంధి అనగానే పిల్లలకి జ్వరం వచ్చేది గుర్తుందా? కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల తర్వాత అచ్చు వస్తే ఆ ఱ, డల చోట "ట్ట" వస్తుంది. చిఱు ఎలుక చిట్టెలుక. కడు ఎదురు కట్టెదురు. నిడు ఊర్పు నిట్టూర్పు. అలాగే నడు ఇల్లు నట్టిల్లు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సూత్రం కట్టాడు గానీ, మన అమ్మమ్మలు సూత్రం చదివి అనలేదు కదా.

పెంకుటిల్లులోనూ "ట" ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు, అది వేరు. అది టుగాగమం, రెండు మాటల మధ్య "ట" కొత్తగా వచ్చి చేరేది. ఈ రెంటినీ కలిపి రాసిన కాగితాలు ముప్పై ఏళ్ళు దిద్దాను.

నడు ఏరు నట్టేరు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వచ్చేవాళ్ళకి నట్టేరంటే ఏంటో చెప్పక్కర్లేదు, వశిష్ఠ మధ్యలో ఇంజను ఆగితే తెలుస్తుంది. ఆ లెక్కన నట్టిల్లంటే ఇంటికి నట్టనడుమ ఉన్నది. అంటే మండువా. మీ మేస్త్రి మాటే రైటు.

రాజోలు కోడలు:
మాస్టారూ, మీ సంధి బావుంది గానీ మండువాలో మేకు ఎక్కడ కొడతారండీ, ఆకాశానికా?

మా అత్తగారు రోజూ వాడే మాట ఇది. "నట్టింట్లో జుట్టు విరబోసుకోకే", "నట్టింట్లో గోళ్ళు తీసుకుంటావేంటే". నేను సావిట్లో ఉన్నా ఆ మాటే, వంటింటి గడపలో ఉన్నా ఆ మాటే. అరుగు మీద కూర్చున్నప్పుడు మాత్రం ఎప్పుడూ అనలేదు. కాబట్టి అది గది పేరు కాదు. గడప లోపలికొచ్చాక తిట్టు పడే చోటల్లా నట్టిల్లే. ఎవరైనా చనువుగా లోపలిదాకా వచ్చేస్తే "నట్టింట్లోకొచ్చి కూర్చున్నాడు" అనమూ? ఏ గదిలో కూర్చున్నాడని ఎవరైనా అడుగుతారా?

కరీంనగర్ తమ్ముడు:
మా దిక్కు గదిని అర్ర అంటం. నడుమ ఉన్నది నడిమర్ర. నట్టింట్ల అనే మాట తిట్లల్ల విన్న గని, గది పేరుగ ఎన్నడు వినలే. రాజోలు అక్క చెప్పిందే కరెక్టనిపిస్తుంది.

మదనపల్లె నుంచి:
మాకు ముందర పడసాల, లోపల నడిమిల్లు. నడిమిల్లు అంటే గదే, అందులో అనుమానం ల్యా.

అడిగినవారు:
ఇంకో అనుమానం. వంటిల్లు, పడమటిల్లు, పురిటిల్లు. ఇవన్నీ గదులే కదండీ. ఇంట్లో మళ్ళీ ఇన్ని ఇళ్ళేంటి?

పాలకొల్లు మాస్టారు:
మంచి ప్రశ్న. ఇక్కడ ఇల్లు అంటే గదే. వంటింటి కుందేలు అన్నప్పుడు ఆ కుందేలు దూరింది ఒక్క గదిలోకే, తలుపు వేస్తే అయిపోయింది దాని పని. మొదట్లో వంట పాక, పురిటి పాక విడివిడిగా ఉండి, తర్వాత ఒక్క కప్పు కిందికి చేరాయేమోనని నా ఊహ. ఊహే, పరీక్షలో రాయకండి.

వాకిలి కూడా చూడండి. తమిళంలో వాయిల్, కన్నడంలో బాగిలు. వాయి అంటే నోరు. పాత తెలుగులో ఉన్న మాటే, ఇప్పుడు "పులివాత పడ్డాడు" అన్నప్పుడు మిగిలింది. నుయ్యి నూతి, రాయి రాతి అయినట్టే వాయి వాత. అంటే వాకిలి ఇంటికి నోరు. ఆ నోట్లోంచి లోపలికెళ్తే లోగిలి, దాని ముందున్నది ముంగిలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యి, డెల్టాలో వరి పండి, చేతిలో నాలుగు డబ్బులాడాక ఇలాంటి లోగిళ్ళు...

రాజోలు కోడలు:
మాస్టారూ, క్లాసు అయిపోయింది. మండువా మీద షీటు వేయిస్తారట, అది ఎవరూ పట్టించుకోరేం? దణ్ణం పెడతాను, వెయ్యకండి. మా పుట్టింట్లో వేశారు. వైశాఖంలో ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టుంది. దోమలు రాకుండా కావాలంటే ఇనప జాలీ వేయించండి, వాననీళ్ళు పడతాయి, గాలీ ఆడుతుంది.

కాకినాడ నుంచి:
మండువా అంటే నిఘంటువుల్లో గుర్రపుశాల అని కూడా ఉంటుంది. అమరకోశంలో మందుర అంటే గుర్రపుశాలే. కల్లు మండువా మాట సరేసరి. గుర్రాలు, కల్లు, మన మండువా ఒక్క మాటేనా, మూడు మాటలు కలిసిపోయాయా?

గుంపు నిర్వాహకులు:
మండువాకి వేరే పోస్టు పెట్టుకోండి. ఇక్కడ నట్టిల్లు ఒక్కటే.

అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత):
తేలిందండీ.

నిన్న సాయంత్రం సెల్లు లైటు వేసుకుని గోడగోడా చూశాను. సావిట్లో పదకొండు మేకులు, కేలండర్ల గుర్తులు. పడమటింట్లో తలుపు వెనక నాలుగు చిలక్కొయ్యలు, చిలక ముక్కులు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి. వంటింట్లో ఉట్టి కొక్కెం. పొడుగాటి గదిలో మాత్రం ఒక్క మేకు లేదు, చిల్లు లేదు. మా నాన్నగారు మీసం దువ్వుకున్నారు. ఇది మా నాన్నగారు చెప్పిన నట్టిల్లేనని, ఇక్కడ లక్ష్మి ఉంటుందని, గోడకి దెబ్బ తగలకూడదని మా ఆవిడ చెంపలు కూడా వేసుకుంది.

ఎందుకైనా మంచిదని పెద్దావిడకి ఫోన్ చేశాను. ఆవిడ కాసేపు నవ్వారు.

"లక్ష్మీ లేదు, పాడూ లేదు బాబూ. 86 వరదకి మిగతా గోడలన్నీ నాని కూలిపోతే మా మావగారు ఇటికతో కట్టించారు. ఆ గది కాస్త మెరకలో ఉంది, అది నిలబడింది. పాత మట్టిగోడ, పైన సున్నం పూత. ఓ మేకు కొట్టి చూడు, తట్టెడు పెళ్ళ ఊడి నెత్తిమీద పడుద్ది."

"మరి దాన్నే నట్టిల్లంటారాండీ?"

"దాన్నా? దాన్ని మేం చీకటి గది అనేవాళ్ళం. నట్టింట్లో అంటే, ఇంటి మధ్యనున్న గోడకి అని. నీకు అర్థం కాలేదా?"

కాలేదండీ, నూటపాతిక మందిమి కూర్చున్నా కాలేదని చెప్పలేదు.

రాజోలు కోడలు:
చెప్పానా! గది పేరు కాదని. మా అత్తగారికి ఈ పోస్టు చదివి వినిపించాను. "ఇంత చదువుకుని ఇదా మీ పని" అన్నారు.

పాలకొల్లు మాస్టారు:
సంధి మాత్రం మారదు. ఇంతకీ టీవీ ఎక్కడ పెడుతున్నారు?

అడిగినవారు:
చీకటి గదిలోనే మాస్టారూ. గోడ ముట్టుకోకుండా, ఇంటితో పాటు వచ్చిన భోషాణం మీద పెట్టేస్తున్నాం. వైరు నేలవారనే తెప్పిస్తున్నాడు కుర్రాడు. మండువాకి జాలీయే. భోషాణం తాళంచెవి మాత్రం లేదు, ఎక్కడుందో ఆవిడకీ తెలీదట. వడ్రంగి శుక్రవారం వస్తానన్నాడు.