ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదు, ఫైళ్లు ఎట్లా తీయాలి?

ప్రశ్న (తిరుపతి, భవానీ నగర్): పవర్ లైటు వెలుగుతాంది, స్క్రీన్ నల్లగానే ఉంది. విండోస్ 10, హార్డ్‌డిస్క్. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయన్నా.

జవాబు: ఛార్జర్ పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి చూడండి. రాకుంటే డిస్క్ విప్పండి. 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించే ఒక రకం కనెక్షన్) అయితే సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించొచ్చు. ‘ఫార్మాట్ చేయాలా’ అనడిగితే మాత్రం ఒప్పుకోవద్దు! ‘యూజర్స్’ ఫోల్డర్‌కు అనుమతి లేదంటే ‘కంటిన్యూ’ నొక్కండి.

ఇంకొకరు: బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకండి.

మరొకరు: డిస్క్ టిక్కుటిక్కుమంటే వెంటనే ఆపేయండి. హెడ్ (డేటా చదివే భాగం) పాడై ఉండొచ్చు, తిరిగేకొద్దీ లోపలి పళ్లెం గీసుకుపోతుంది.

అడిగినవారు: శబ్దమేం లేదన్నా. కేబుల్ తెస్తా.