ఈమాక్స్‌లో తెలుగు దానంతటదే ఆన్ అవ్వాలంటే?

నేను అనువాదాలు చేస్తుంటాను, ప్రోగ్రామింగ్ ఒక్క ముక్క రాదు. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఉండే ఆర్గ్ మోడ్‌లో అధ్యాయాలను మడతపెట్టి దాచుకోవచ్చని ముచ్చటపడి, లినక్స్‌లో దాన్ని వేసుకున్నాను. మొదటి రోజే అలవాటుగా కంట్రోల్ జెడ్ కొడితే విండో మొత్తం మాయం! రాసిందంతా పోయిందని ఒకటే టెన్షన్. (మినిమైజ్ అయిందంతే.) సీయూఏ మోడ్ (మామూలు కాపీ, పేస్ట్, అన్‌డూ కీలు పనిచేసేలా చేసే సెట్టింగ్) పెట్టాక ఆ బెడద తీరింది.

అసలు చిక్కు వేరే. సిస్టమ్ కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఉండగా, సేవ్ చేద్దామని కంట్రోల్ ఎక్స్ కొడితే, ఎక్స్ బదులు సున్నా (ం) అందుకుని అలాంటి కీ లేదంటోంది. కంట్రోల్ బ్యాక్‌స్లాష్ కొట్టి ఈమాక్స్‌లోనే ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకుంటే బాగానే ఉంది. కానీ ఫైలు తెరిచిన ప్రతిసారీ ఇదే తంతు.

ఆర్గ్ ఫైలు తెరవగానే అది ఆన్ అయ్యేలా ఇనిట్ ఫైల్లో (ఈమాక్స్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైలు) ఏం రాయాలి? బ్రాకెట్లతో సహా చెప్పండి, నిన్న ఒకటి మూయడం మర్చిపోయి గంట తిప్పలు పడ్డాను.