వించెస్టర్ ట్రిప్పు: ఎవరే పని? ఈ రాత్రికి తేలాలి

రెడింగ్ అక్క: శనివారానికి ఇంకా నాలుగు రోజులే. టికెట్లు, పిల్లల క్విజ్, ప్లేట్లు, ఫొటోలు. పేర్లు పెట్టండి. అక్కడి పాత సత్రం సెయింట్ క్రాస్ గురించి తమ్ముడు మాట్లాడతాడు. ఐదు నిమిషాలే.

బేసింగ్‌స్టోక్ తమ్ముడు: ఐదు నిమిషాల్లో ఎలా అక్కా! 1130లలో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లువా పెట్టిన సత్రం. పదముగ్గురు పేదలకు నీడ, రోజూ నూరుగురికి భోజనం. తర్వాత 1445లో కార్డినల్ బోఫోర్ట్, ఒకప్పుడు బాగా బతికి చితికిపోయినవాళ్ల కోసం ఇంకో శాఖ కలిపాడు. అందుకే ఇప్పటికీ అక్కడుండే పెద్దాయనల్లో కొందరిది నల్ల గౌను, కొందరిది ముదురెరుపు. ఇక ఆ పొగగొట్టాల వరస...

కోశాధికారి: పొగగొట్టాలు తర్వాత. భోజనాలకి మాట్లాడిన హాలు వాళ్లు మెయిల్ పెట్టారు. బయటి వంట తెచ్చి వేడిచెయ్యకూడదట.

రెడింగ్ అక్క: ముందే అడగమన్నాను కదా?

కోశాధికారి: నా కార్డు మీద అడ్వాన్సు కట్టింది నేను, అడగాల్సిందీ నేనేనా? ఉగాదికీ ఇదే వరస.

రెడింగ్ అక్క: ఉగాది సంగతి ఎత్తకండి అన్నయ్యా.

స్లౌ బాబాయి: ఆ సత్రం లోపలే పెద్ద పచ్చిక ఉందిగా, దుప్పట్లు పరిచేద్దాం.

బేసింగ్‌స్టోక్ తమ్ముడు: బాబాయ్, అది పార్కు కాదు. ఓ పక్క చర్చి, ఓ పక్క ఇళ్ల వరస, వాళ్ల గుమ్మాలన్నీ ఆ పచ్చికలోకే. మన యాభైమందీ పెద్దవాళ్ల వాకిట్లో విస్తళ్లు వేస్తామా?

స్లౌ బాబాయి: నూరుగురికి పెట్టిన చోట యాభైమందికి చోటు లేదా?

బేసింగ్‌స్టోక్ తమ్ముడు: ద్వారం దగ్గర అడిగితే బాటసారులకి ఇప్పటికీ ఓ రొట్టె ముక్క, కొమ్ము గ్లాసులో కాస్త బీరు ఇస్తారు. అంతే.

స్లౌ బాబాయి: బీరా? పిన్నిక్కూడా ఓ టికెట్టు.

రెడింగ్ అక్క: 🙄 వేడి అక్కర్లేనివి చేద్దాం. పులిహోర, దద్ధోజనం. పక్కనే ఇచిన్ ఏరు, గట్టున కూర్చుందాం. అన్నయ్యా, ఇందాక గట్టిగా అన్నాను, ఏమనుకోకండి.

కోశాధికారి: హాలు మానేస్తున్నామని రాశాను. అడ్వాన్సులో సగం వెనక్కొస్తుందట.

మైడెన్‌హెడ్ వదిన: వాన పడితే?

బేసింగ్‌స్టోక్ తమ్ముడు: గొడుగులు వదినా. జూన్ కదా, పడుతుంది.

మైడెన్‌హెడ్ వదిన: దద్ధోజనం నేను తెస్తా. దానిమ్మ గింజలు వెయ్యను, ముందే చెప్తున్నా.

కోశాధికారి: మా అమ్మ చేసి పంపిన పులిహోర పులుసు రెండు సీసాలుంది. అక్కా, రేపు ఆఫీసు నుంచి వస్తూ మీ ఇంట్లో ఇచ్చి వెళ్తా.