చేతి కన్సోల్ డీ-ప్యాడ్‌లో తప్పుడు ఐమూలలు: టేపు వేయాలా, మధ్య బొడిపె ఎత్తు పెంచాలా?

నల్లగొండ_రెట్రో (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పాత గేమ్‌బాయ్, సూపర్ నింటెండో ఆటలు ఆడుకోవడానికి కొన్న చైనా తయారీ చేతి కన్సోల్ ఒకటి నా దగ్గర ఉంది. స్క్రీన్, బ్యాటరీ, సౌండ్ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు గానీ, డీ-ప్యాడ్ (దిశలు నొక్కే ప్లస్ గుర్తు బటన్) మాత్రం అడిగినదానికంటే ఎక్కువే ఇస్తోంది. కుడి వైపు నొక్కిపట్టి బొటనవేలు కాస్త పైకి జరిగితే చాలు, పై దిశ కూడా తగులుతోంది. కొత్త టెట్రిస్ ఆటల్లో పై బటన్ నొక్కితే ముక్క ఒక్కసారిగా అడుగుకు పడిపోతుంది కాబట్టి, గోడ వరకు జరపాలనుకున్న ముక్క నడిమధ్యలోనే కూలబడుతోంది. గడియారం సెంటర్ దగ్గర మొబైల్ రిపేర్ చేసే ఒకరిని అడిగితే, దీనికి విడిభాగం దొరకదని తేల్చేశారు. వేరే కన్సోల్‌లోని డీ-ప్యాడ్‌ను కోసి ఇందులో అమర్చుకోవచ్చా? లేక ఉన్నదాన్నే సరిచేసుకునే మార్గం ఉందా? స్క్రూలు విప్పడం, రిబ్బన్ కేబుల్ తీసి పెట్టడం నాకు అలవాటే. సోల్డరింగ్ మాత్రం రాదు.

పాలమూరు_బెంచ్:

సోల్డరింగ్ అవసరం లేదు, డీ-ప్యాడ్ మార్చవలసిన అవసరం అంతకంటే లేదు. వేరే కన్సోల్ ప్లస్ గుర్తు ముక్క ఇందులో కూర్చోవాలంటే కేసులోని కంత ఆకారం, ముక్క ఎత్తు, బోర్డు మీద నొక్కును పట్టే నాలుగు కాంటాక్టుల మధ్య దూరం అన్నీ కలిసిరావాలి. అవి కలిసిరావడం చాలా అరుదు, ఒకటి తేడా వచ్చినా ఇప్పుడున్నదానికంటే అధ్వానంగా తయారవుతుంది.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. 1982లో నింటెండో చేతి ఆట గేమ్ అండ్ వాచ్ డాంకీ కాంగ్ కోసం గున్‌పే యోకోయ్ రూపొందించిన ప్లస్ గుర్తు ప్యాడ్‌కూ మీ చేతిలో ఉన్నదానికీ మూలసూత్రం ఒక్కటే. ప్లాస్టిక్ ముక్క అడుగున నడుమ ఒక చిన్న బొడిపె ఉంటుంది, దాని మీద ముక్క నాలుగు వైపులా ఊగుతుంది. ఒక వైపు దిగితే ఎదుటి వైపు లేస్తుంది కాబట్టి కుడి, ఎడమ ఒకేసారి తగలవు. దాని కింద రబ్బరు మెంబ్రేన్, ఆ రబ్బరు గుబ్బల అడుగున నల్లని కార్బన్ బిళ్లలు, వాటి కింద బోర్డు మీద దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరిన రెండు ట్రాకులు (కరెంటు పారే గీతలు) ఉంటాయి, ఆ జతే కాంటాక్టు. బిళ్ల వచ్చి ఆ రెండింటినీ కలిపితే దిశ తగిలినట్టు లెక్క. ఎంత గట్టిగా నొక్కారన్నది బోర్డుకు తెలియదు, కలిసిందా లేదా అన్నదే తెలుస్తుంది. బిళ్లకూ ట్రాకుకూ మధ్య ఖాళీ తక్కువగా ఉన్నా, బొడిపె పొట్టిగా ఉన్నా, కొద్దిపాటి వాలుకే పక్క దిశ కూడా కలిసిపోతుంది.

విప్పే ముందు పరీక్షించండి. నింటెండో పాత టీవీ కన్సోల్ ఎన్‌ఈఎస్‌కు 1988లో వచ్చిన కాంట్రా ఆట దీనికి బాగా పనికొస్తుంది. కింది బటన్ నొక్కితే సైనికుడు బోర్లా పడుకుంటాడు. కింద, కుడి కలిపి తగిలితే లేచి ఐమూలగా తుపాకీ దించి నడుస్తాడు. కింది వైపు నొక్కిపట్టి, వేలు ఎత్తకుండా మెల్లగా అటూ ఇటూ ఒరిగించండి. కాస్త ఒరగగానే లేచాడంటే మీ అనుమానం నిజమే. ఏ దిశలో ఎక్కువగా తప్పుతోందో ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే చాలాసార్లు నాలుగింటినీ ముట్టుకోవలసిన పని ఉండదు.

దేవరకొండ_8బిట్:

టేపు పద్ధతి గురించి నేను కొంచెం వివరంగా చెబుతాను. చాలామంది టేపు వేయాలి అంటారే తప్ప ఎక్కడ వేయాలో చెప్పరు.

మీరు కుడి నొక్కి వేలిని కాస్త పైకి ఒరిగించినప్పుడు, పై దిశ బిళ్ల సమానంగా దిగదు. దాని కుడి అంచు ముందు దిగి ట్రాకుకు తగులుతుంది. ఎడమ నొక్కినప్పుడు ఎడమ అంచు తగులుతుంది. నిజంగా పైకే నొక్కినప్పుడు మాత్రం బిళ్ల నడిభాగం వచ్చి ఆనుతుంది. అందుకే బోర్డు మీద పై కాంటాక్టుకు కుడి, ఎడమ అంచుల్లో ఒక మిల్లీమీటరుకు మించని సన్నని టేపు పీలికలు నిలువుగా అతికించి, నడుమ భాగాన్ని తెరిచి ఉంచాలి. దాంతో పొరపాటున తగిలే అంచులు మూసుకుపోతాయి, కావాలని నొక్కే నడిభాగం మిగులుతుంది. కుడి, ఎడమ కాంటాక్టులకైతే ఇదే పని పై అంచుకూ కింది అంచుకూ చేయాలి.

టేపు వేయకముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (రిపేర్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు) బోర్డును తుడిచి ఆరనివ్వండి. కార్బన్ బిళ్లలను బ్లేడుతో గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం వద్దే వద్దు. ఆ నల్లటి పొర పోతే ఇక మెంబ్రేన్ కొనవలసిందే. బ్యాటరీ కనెక్టర్‌ను అన్నింటికంటే ముందు పీకండి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలను వేళ్ల బలంతోనే తిప్పండి, ఎందుకంటే అవి దిగేది ప్లాస్టిక్ గొట్టాల్లోకి, మరలు అరిగితే కేసు మూత ఆ మూల ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది.

మిర్యాలగూడ_మెకానిక్:

పై ఇద్దరి మాటా సరైనదే, అయితే ఏ టేపు అన్నది ఎవరూ చెప్పలేదు. కరెంటు పనివారి నల్లటి ఇన్సులేషన్ టేపు వాడకండి. మన వైపు మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, బండి డిక్కీలో పెట్టిన కన్సోల్ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ వేడికి ఆ టేపు జిగురు కారి, పీలిక జారి, చివరికి నడుమ కాంటాక్టు మీదికి వచ్చి కూర్చుంటుంది. మొబైల్ రిపేర్ షాపులో వాడే పసుపు రంగు కాప్టన్ టేపు తీసుకోండి. సాధారణంగా దొరికేది జిగురుతో కలిపి సుమారు 0.06 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 260 డిగ్రీల వరకు వేడిని తట్టుకుంటుంది. నల్ల టేపు దీనికి రెట్టింపు కంటే మందం, ఈ పనిలో ఆ తేడా కూడా వేలికి తెలుస్తుంది.

నా మట్టుకు నేను ముందు బొడిపె సంగతే చూస్తాను. చాలా బోర్డుల్లో మెంబ్రేన్ నడుమ ఒక రంధ్రం ఉండి, బొడిపె నేరుగా బోర్డుకు ఆనుతుంది. అది ఆనే చోట చిన్న గుండ్రటి కాప్టన్ ముక్క ఒకటి అతికిస్తే, నాలుగు దిశలకూ ఖాళీ ఒకేలా పెరుగుతుంది. రంధ్రం లేకపోతే బొడిపెకే అతికించాలి. నాలుగు దిశల్లోనూ తప్పుతుంటే ఇది మేలు. ఒకటి రెండు దిశల్లోనే అయితే దేవరకొండ వారి పీలికలే మేలు. పొరలు ఎక్కువ వేస్తే ప్యాడ్ పైకి పొడుచుకువచ్చి కేసు అంచుకు రాసుకుంటుంది, పైగా ఎక్కువ బలంతో నొక్కవలసి వస్తుంది. ఒక పొర వేసి, రెండు స్క్రూలతో తాత్కాలికంగా బిగించి, కాంట్రా పరీక్ష చేసి, చాలకపోతేనే రెండోది వేయండి.

పాలమూరు_బెంచ్:

ఒక హెచ్చరిక మిగిలింది. ఫైటింగ్ ఆటలు ఆడేవారైతే ఈ మార్పును సగంలో ఆపండి. కింది నుంచి ముందుకు పావు వృత్తం తిప్పే దెబ్బలకు మధ్యలో ఐమూల తప్పక తగలాలి; టెట్రిస్‌కు, ప్యాక్‌మ్యాన్‌కు నప్పేలా బిగించిన ప్యాడ్ మీద ఆ దెబ్బలు సగం సార్లు పడవు. రెండు రకాల ఆటలకూ నూటికి నూరు పాళ్లు సరిపడే ప్యాడ్ ఉంటుందని నేను అనుకోను.

నల్లగొండ_రెట్రో:

ముగ్గురికీ ధన్యవాదాలు. కాగితం మీద రాసుకుని చూస్తే పై దిశ ఒక్కటే తప్పుతోంది, కాబట్టి బొడిపెను ముట్టుకోకుండా పై కాంటాక్టు రెండు అంచులకే కాప్టన్ పీలికలు వేశాను. టెట్రిస్‌లో ముక్క ఇప్పుడు గోడ దాకా చేరుతోంది. అయితే పై బటన్‌ను మునుపటికంటే కాస్త గట్టిగా నొక్కవలసి వస్తోంది. ఇది వాడుతూ ఉంటే సర్దుకుంటుందా, పీలికలు వెడల్పయ్యాయా?

దేవరకొండ_8బిట్:

వెడల్పయ్యాయి. వేసింది ఎలాగూ కాప్టనే కాబట్టి దానంతట అది సర్దుకోదు. కుడి నొక్కినప్పుడే మీకు ఇబ్బంది వచ్చింది గనుక ముందు ఎడమ అంచు పీలికను పూర్తిగా తీసేయండి, జిగురు మిగిలితే ఐపీఏతో తుడవండి. అప్పటికీ బరువుగా అనిపిస్తే కుడి పీలికను సగానికి సన్నం చేయండి.