సమస్య: ‘చచ్చినట్టివాడు చాయి త్రాగె’

బురుజు నీడ (కర్నూలు, నిర్వహణ):

ఈ వారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇదీ, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

చచ్చినట్టివాడు చాయి త్రాగె

సందర్భం చెప్పాలి. మొన్న మన గుంపులో ‘ది డార్క్ నైట్ రైజెస్’ మీద మొదలైన గొడవ రెండు రోజులు తెగలేదు. క్రిస్టఫర్ నోలన్ బ్యాట్‌మ్యాన్ కథను 2005లో ఎత్తుకుని, 2008లో జోకర్‌తో ఆకాశానికి లేపి, 2012 జులైలో ఈ మూడో భాగంతో దించాడు. బాంబుతో చచ్చాడనుకున్న బ్యాట్‌మ్యాన్, అంటే బ్రూస్ వేన్, చివర్లో ఒక హోటల్లో బతికి కనబడతాడు. మెల్లగా దించాడని కొందరు, దబ్బున పడేశాడని కొందరు. వచనంలో ఎంతసేపని తిట్టుకుంటారు, పద్యంలో తిట్టుకోండి. మెచ్చుకునేవాళ్లు కూడా పద్యంలోనే.

అరసున్నలు వదిలేయొచ్చు, గణాలు మాత్రం వదలొద్దు. కదిరి పక్కన కటారుపల్లిలో వేమన సమాధి పెట్టుకుని, సీమవాళ్లం ఆటవెలది రాదంటే ఎవరూ ఒప్పుకోరు.

ప్రొద్దుటూరు పిల్లోడు:

సార్, ఒక డౌటు. బ్యాట్‌మ్యాన్ చివర్లో కూర్చున్నది ఫ్లోరెన్సులో కదా. అక్కడ చాయి ఎవరిస్తారు? ‘కాఫి త్రాగె’ అన్నా గణాలు సరిపోతాయి.

బురుజు నీడ:

గణాలు సరిపోతాయి నాయనా, యతి చస్తుంది. పాదం ‘చ’తో ఎత్తుకున్నాం. నాలుగో గణం మొదట్లో చ, జ, శ, స లాంటిది రావాలి. ‘కా’కు అక్కడ సీటు లేదు. అయినా సినిమాలో బ్రూస్‌ను పెంచిన ఆల్ఫ్రెడ్ ఆ హోటల్లో తాగుతానని చెప్పేది కాఫీ కూడా కాదు, ఫెర్నెట్ బ్రాంకా అనే చేదు మందు. మన వన్‌టౌన్‌లో చచ్చినోడు లేచొస్తే ముందు అడిగేది చాయే. దాన్నే ఉండనీ.

దేవుని కడప:

నమస్కారం సార్. నాకు ఈ సినిమాలో ఆల్ఫ్రెడ్ తప్ప ఎవరూ గుర్తులేరు. అందుకే ఆయన మీదే.

కన్నకొడుకు వోలె గాచిన ముదుసలి
పరుల యూరి హొటలు బల్ల చెంత
తలను వంచి నవ్వె తడికన్నులను దాచి;
చచ్చినట్టివాడు చాయి త్రాగె.

బురుజు నీడ:

అమ్మా, మొదటి పాదం చదవగానే ఆల్ఫ్రెడ్ వేషం వేసిన మైకేల్ కెయిన్ ముఖం కళ్లముందుకొచ్చింది. ‘పరుల యూరి హొటలు’ కూడా బాగా కుదిరింది. ఒక్కటే లోపం. మూడో పాదం చివర వాక్యం అయిపోయింది. నాలుగోది వేరే ఇంట్లోంచి వచ్చి కూర్చున్నట్టుంది. సమస్య మీ పద్యంలో కలవాలి గానీ పక్కన నిలబడకూడదు. ఇట్లా చూడండి:

తలను వంచి నవ్వి తడికన్నులను దాచ
జచ్చినట్టివాడు చాయి త్రాగె.

‘దాచన్’ చివర నకారం, అంటే ద్రుతం, ఉంది కాబట్టి చ కాస్తా జ అయింది. జ-చలకు యతి చెల్లుతుంది. ఇప్పుడు ముసలాయన కన్నీళ్లు దాచుకుంటుండగా వీడు తాగుతున్నాడు. రెండూ ఒకే క్షణం.

దేవుని కడప:

ఒక్క అక్షరంతో అతికించేశారు సార్, తీసుకున్నాను. ఇంకో మాట. ఆల్ఫ్రెడ్ ఈ కోరికను సినిమా మొదట్లోనే చెప్పేస్తాడు గుర్తుందా? బ్రూస్ ఊరొదిలి పోయిన ఏడేళ్లూ సెలవులకు ఫ్లోరెన్సు పోయేవాడట. ఆర్నో నది ఒడ్డున కూర్చుని, అవతలి బల్ల దగ్గర నువ్వు పెళ్లాం బిడ్డలతో కనబడితే బాగుండనుకునేవాణ్ని అంటాడు. నువ్వు నన్ను పలకరించవు, నేను నిన్ను పలకరించను, బాగున్నావని ఇద్దరికీ తెలుస్తుంది, అంతే అంటాడు. నాకది విన్నప్పుడల్లా మన అవధానాలే గుర్తొస్తాయి. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు నాలుగో పాదం ముందే ఇచ్చేశాడు. నోలన్ రెండు గంటల నలభై ఐదు నిమిషాలు కూర్చుని మొదటి మూడు పాదాలు పూరించాడు. పూరణలో అక్కడక్కడా గణభంగం ఉంది, కాదనను. కానీ నాలుగో పాదం వచ్చి కూర్చునేసరికి నేను ఏడ్చాను.

చెనిక్కాయ (అనంతపురం జిల్లా):

అక్కంత మెత్తని మనిషిని కాదు నేను. నా కష్టం వేరే.

మూతిబుట్టవాని మూల్గు లర్థము గాక
చెవులు నిక్కబొడిచి చిక్కిపోయి
విరతి వేళ లేచి వెలుపలి కేతెంచి
చచ్చినట్టివాడు చాయి త్రాగె.

చచ్చినట్టివాడు నేనే. డబ్బు పెట్టి టికెట్టు కొన్నోణ్ని.

కొలిమిగుండ్ల:

మూతిబుట్టవాడు! చేలో గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి కట్టే బుట్టే కదా అది! ఇన్నేళ్లలో విలన్ బేన్ మాస్కుకు ఇంత సరైన పేరు ఎవరూ పెట్టలేదు. మేమైతే చిక్కం అంటాం.

బురుజు నీడ:

చెనిక్కాయా, సమస్యను హీరో మీద నుంచి ప్రేక్షకుడి మీదకు తిప్పావు చూడు, దాన్నే పూరణ అంటారు. రెండో పాదంలో మాత్రం ‘చిక్కిపోయి’ అంటే సన్నబడ్డావని అర్థం వస్తుంది. ఇంటర్వెల్లోపే సన్నబడ్డావా? ‘చితికిపోయి’ అంటే గణమూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది. ఇంకో సంగతి, ఆ గొంతు మీద నీ ఒక్కడికే కాదు కోపం. 2011 డిసెంబరులో మొదటి విమానం సీను ముక్కను ముందుగా చూపించినప్పుడే, ఏమంటున్నాడో తెలియట్లేదని ఇంగ్లీషువాళ్లే గోల చేశారు.

చెనిక్కాయ:

చితికిపోయి ఖాయం సార్. నిజంగానే చితికిపోయినా.

కొలిమిగుండ్ల:

మా ఊరి పక్కనే బెలుం గుహలు. గబ్బిలాల సినిమా మీద పద్యం మేము రాయకపోతే ఎవరు రాస్తారు?

గబ్బిలముల గుహను గట్టి కోటగ మార్చి
బెలుము లోతు వంటి బిలము దాటి
పురము గావ బాంబు భుజమెత్తి కడలిలో
చచ్చినట్టివాడు చాయి త్రాగె.

బురుజు నీడ:

సభకు నమస్కారం పెట్టి చెప్తున్నా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇది మొదటిది. మూడు సినిమాల కథ నాలుగు పాదాల్లో పట్టింది. ‘కడలిలో చచ్చినట్టివాడు’ అని పాదం దాటించిన తీరు మరీ బాగుంది. సమస్యకు అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు.

నంద్యాల నల్లకోటు:

అబ్జెక్షన్ సార్. బాంబును భుజానికి ఎత్తుకోలేదు. ఎగిరే బండికి తాడుతో కట్టి సముద్రం మీదకు లాక్కుపోయాడు. సాక్ష్యానికి విరుద్ధం.

కొలిమిగుండ్ల:

లాయరు గారూ, ఇంటి బరువు భుజాన వేసుకున్నాడంటే నిజంగా ఇల్లు మోస్తున్నాడని కాదు కదా. అట్లాగే ఇదీ. ఇంకో సంగతి వినండి. 1884లో బెలుం గుహల్ని గుర్తించి రాసిపెట్టిన దొర పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. గబ్బిలాలున్న గుహకు బ్రూస్ అనేవాడు అప్పుడే వచ్చిపోయాడు. ఇప్పటికి మూడు కిలోమీటర్లకు పైగా కొలిచిన గుహ అది, వేన్ గారి బంగళా కింద ఉన్నది దీని ముందు ఏపాటి!

దేవుని కడప:

గబ్బిలం అనగానే నాకు జాషువా గారే. 1941లో ఆయన గబ్బిలం ఒక పేదవాడి బాధను శివుడి దగ్గరికి మోసుకుపోయింది. ఈ గబ్బిలం బాంబు మోసింది. ఎవరి ఊరి కష్టం వాళ్లది.

ప్రొద్దుటూరు పిల్లోడు:

సార్, తిట్టొద్దు. ఇది నా రెండో పద్యం. బ్రూస్‌ను నమ్మించి పొడిచే తాలియా చచ్చిపోయే సీను మీద.

వలపు జూపి డొక్క బొడిచిన యా యింతి
తలను వాల్చ నవ్వు దాచలేము;
చావు రాక యామె చావగ దెరమీద
జచ్చినట్టివాడు చాయి త్రాగె.

బురుజు నీడ:

తిట్టేదేముంది అబ్బీ. ‘చావు రాక యామె చావగ’! నటన రాదు, వంట రాదు అన్నట్టు చావు రాదన్నావు. పెద్ద పెద్ద నటీమణులకే ఆ సీను అట్లా కుదిరిందంటే తప్పు ఎడిటింగు బల్ల దగ్గర జరిగిందేమోనని నా అనుమానం.

మొదటి పాదం చూడు. ‘వ’కు ‘బొ’ వేశావు. హల్లులు వ-బ కలుస్తాయి, అచ్చులు కలవవు. ‘అ’కు ‘ఒ’తో చుట్టరికం లేదు. కొత్తగా రాసేవాళ్లంతా ఇక్కడే జారతారు, హల్లు కుదిరింది కదా అని ముందుకు పోతారు. నువ్వే సవరించు, నేను చెప్పను.

ప్రొద్దుటూరు పిల్లోడు:

అరగంట పట్టింది సార్.

వలపు జూపి డొక్క బాకు గ్రుచ్చిన యింతి

వ-బా. సరేనా?

బురుజు నీడ:

సరే. ‘బొడిచిన యా’ కంటే ‘బాకు గ్రుచ్చిన’ బొమ్మ కట్టింది. యతి కోసం వెతికితే ఒక్కోసారి అసలుకంటే మంచి మాట దొరుకుతుంది.

నంద్యాల నల్లకోటు:

నా వాదన రెండు పద్యాల్లో. మొదటిది బేన్ గారి తరఫున.

ఊరినెల్ల దోచి యుడుముపట్టుగ నిల్చి
ఐదు నెలలు పురము నాక్రమించి
ఒక్క గుండు తగిలి యొరిగె బేనుడు, మఱి
చచ్చినట్టివాడు చాయి త్రాగె.

సినిమా అంతా కొండలా నిలబెట్టి, చివరికి దొంగపిల్ల సెలీనా బండి మీద వచ్చి ఢాం అనగానే మాయం చేశారు. వీడికి కనీసం చావు సీను కూడా ఇవ్వలేదు. రెండోది బ్రూస్ గారి మీద కేసు.

నడుము విరిగి బావి నట్టనడుమ బడి
త్రాడు విడిచి యెగిరి దరికి జేరి
చేత గవ్వ లేక సీమలు దాటి యా
చచ్చినట్టివాడు చాయి త్రాగె.

బేన్ పడేసిన బావి జైల్లో వెన్నుపూస బయటికి పొడుచుకొచ్చిందంటారు, ఒక ఖైదీ గుద్ది లోపలికి తోస్తాడు, తాడుకు వేలాడదీస్తారు, అంతే, లేచి నిలబడతాడు! పుత్తూరు కట్టు కట్టేవాళ్లు కూడా ఇంత తొందరగా నయం చేస్తామని చెప్పరు. బావి పైకొచ్చాక కనబడే బయలు జోధ్‌పూర్ దగ్గర తీశారు, దూరంగా మెహరాన్‌గఢ్ కోట కూడా తెలుస్తుంది. అక్కణ్నుంచి బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్‌కు జేబులో పైసా లేకుండా, ఒక్కటి తప్ప వంతెనలన్నీ కూల్చేసిన ఊర్లోకి ఎట్లా దూరాడు?

బురుజు నీడ:

‘బేనుడు’ అని ప్రథమా విభక్తి తగిలించేసరికి భారతంలో పాత్ర అయిపోయాడు. ‘ఉడుముపట్టు’ సరైన చోట పడింది. రెండో పద్యంలో ‘దాటి యా’ దగ్గర ‘యా’ను గణం కోసం తెచ్చినట్టు తెలిసిపోతోంది, కానీ తప్పు కాదు. ఎట్లా వచ్చాడన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నోలన్ దగ్గరా లేదనుకుంటా. తాడు వదిలి దూకే సీను మాత్రం నన్ను ఒప్పించింది. తాడు ఉన్నంతసేపు పడ్డా బతుకుతాననే ధీమా ఉంటుంది, అందుకే అందుకోలేకపోయాడు. ఆ ధీమా వదిలాకే అవతలి గట్టు అందింది.

ఆదోని పత్తిమూట:

అందరూ వాడు బతికే ఉన్నాడని రాస్తున్నారు. నేను ఒప్పుకోను.

కలను జూచె ముసలి కన్నీటి తెరలోన
నిజము కాదు సుమ్ము నీడ యద్ది
చచ్చువాడు చచ్చె, సంతోష పడునట్లు
చచ్చినట్టివాడు చాయి త్రాగె.

ఆల్ఫ్రెడ్ సమాధి దగ్గర ఏడ్చినాక వచ్చే సీను అది. ముసలోడి మనసు చూపించిన బొమ్మ. అంతే.

నంద్యాల నల్లకోటు:

పద్యానికి దండం, వాదన కొట్టేస్తున్నా. ఆ ఎగిరే బండికి ఆటోపైలట్ పనిచేయదని సినిమా పొడుగునా చెప్పారా? చివర్లో ఆ బండి తయారుచేయించిన లూసియస్ ఫాక్స్ అడిగితే, ఆరు నెలల క్రితమే బ్రూస్ వేన్ సరిచేసి పెట్టాడని తేలుతుంది. పోలీసు కమిషనర్ గోర్డన్‌కు పగిలిన గబ్బిలం దీపం బాగుచేసి కనబడుతుంది. బ్రూస్ తల్లి ముత్యాల దండ ఆస్తి లెక్కలో లేదంటారు. ఈ మూడింట్లో ఒక్కటీ ఆల్ఫ్రెడ్ కంటితో చూసింది కాదు. కల కనేవాడు లేనిచోట కల ఎట్లా వస్తుంది?

ఆదోని పత్తిమూట:

మీ నల్లకోటుతో నేను గెలవలేను సార్. అయినా నాకు చచ్చిపోతేనే బాగుండేది. ఎనిమిదేళ్లు ఊరికోసం నింద మోసి, ఇంట్లో కర్ర పట్టుకుని కుంటినవాడు, చివరికి హాయిగా కూర్చుని చాయి తాగితే ఆ త్యాగానికి బరువేముంది?

దేవుని కడప:

ముసలాయనకు ఒక్క చాయి కూడా దక్కకపోతే ఎట్లాబ్బా.

బురుజు నీడ:

మూడో పాదం యతి చూశారా, చ-సం. సుతారంగా పడింది. అభిప్రాయంతో నాకు పేచీ ఉంది గానీ ఛందస్సుకు అభిప్రాయాలతో పనిలేదు. ఈ వారం మొదటి స్థానం కొలిమిగుండ్లకు. రెండోది నా లెక్కలో చెనిక్కాయకు. సమస్యను సినిమాలోంచి హాలు బయట చాయ్ బండి దగ్గరికి తెచ్చినవాడు వాడొక్కడే. చెనిక్కాయా, ఏమన్నా మాట్లాడు.

చెనిక్కాయ:

సంతోషం సార్. ఒక సంగతి దాచినా, ఇప్పుడు చెప్పేస్తా. బేన్ ఆయప్ప నడుము విరగ్గొట్టి బావిలో పడేసినాక ఇంటర్వెల్ పడింది. చాయ్ తాగినా. మావూరికి ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకు. లోపలికి పోకుండా బస్సెక్కినా. ఇన్నేళ్లూ ఆయప్ప ఆ బావిలోనే ఉన్నాడనుకుంటున్నా. మీ పద్యాలు చదివితే గానీ పైకొచ్చినాడని తెలీలేదు.