గంగవాయిలి కూరనీ నానబాలునీ ఎలా గుర్తుపడుతున్నారు? (బెంగళూరు)

సర్జాపుర_సుధ: వానలు పడ్డాక మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ సైట్ నిండా గంగవాయిలి కూర లేచింది. పప్పులో వేద్దామని అత్తయ్య రోజూ అడుగుతున్నారు. దాని మధ్యలోనే ఎర్ర కాడతో నేలకు పరుచుకున్న ఇంకో మొక్క ఉంది. అది నానబాలు రకమని వాచ్‌మన్ అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

మిద్దెతోట_రావు: కాడ తుంచండమ్మా. పాలు కారితే నానబాలే, పారేయండి. గంగవాయిలిలో నీరే వస్తుంది. దాని ఆకు మందం, నున్నన, కాడ కండపట్టి ఉంటుంది. నానబాలు కాడ సన్నగా దారంలా ఉంటుంది. ఒక్క కాడ తుంచి చూసి గుప్పెడు కోసేయొద్దు, రెండూ అల్లుకుని పెరుగుతాయి. ప్రతి కాడా చూడాల్సిందే. ఆ పాలు కంట్లో పడితే విపరీతమైన మంట, చేతులు కడుక్కున్నాకే కళ్లు తుడుచుకోండి.

వర్తూరు_వాసి: చవితి పత్రి కోసేవాళ్లూ జాగ్రత్త. లేత వయ్యారిభామను మాచిపత్రి అనుకుని తెస్తున్నారు. ఇక్కడివాళ్లు కాంగ్రెస్ గిడ అంటారు, సైట్లన్నీ అదే. ఆకు నలిపి వాసన చూడమని అందరూ చెబుతారు కానీ దీనికి ఆ పద్ధతి వద్దు. తాకితేనే కొందరికి దద్దుర్లు, పుప్పొడితో ఆయాసం. కర్రతో ఆకు తిప్పి చూడండి. మాచిపత్రి అడుగున బూడిద తెలుపు నూగు ఉంటుంది, పైన పచ్చగా ఉంటుంది. వయ్యారిభామకు రెండు వైపులా ఇంచుమించు ఒకే రంగు. చిన్న తెల్ల పూలు వచ్చాయంటే ఇక సందేహమే లేదు.

ఇద్దరుపిల్లల_అమ్మ: పిల్లలు ఏరుకొచ్చే ఎర్ర గింజల సంగతి?

మిద్దెతోట_రావు: ఎరుపు మీద నల్ల మచ్చ ఉంటే గురివింద, తీగకు కాస్తుంది. మచ్చ లేకుండా మొత్తం ఎర్రగా ఉంటే బండి గురివింద, అది చెట్టు. గురివిందలో అబ్రిన్ అనే విషం ఉంది. పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగితే కొన్నిసార్లు అలాగే బయటికి వస్తుంది. కొరికినా, దండ కోసం కన్నం పెట్టినా ప్రాణం మీదికి రావచ్చు. ఎలా మింగినా ఆస్పత్రికే, ఇంట్లో వైద్యాలు వద్దు. బండి గురివింద కూడా పచ్చిగా తినేది కాదు.

వర్తూరు_వాసి: సుధగారూ, ఆ సైట్‌లో కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి. నాకు నానబాలు కంటే అదే ఎక్కువ భయం.

సర్జాపుర_సుధ: ఓనర్‌ని అడిగాను, మందు కొట్టించారట. కోయడం మానేశాం. మార్కెట్లో గోణి సొప్పు అని అడిగితే గంగవాయిలే ఇచ్చారు. కాడలు తుంచి చూశాను, పాలు రాలేదు. పప్పుకు పోను మిగిలినవి కుండీలో గుచ్చాను.