‘తేలికపాటి విషయ నిర్వహణ వ్యవస్థ’ అంటే ఎవరికైనా అర్థమైందా?

అందరికీ నమస్కారం. పాత డ్రూపల్ 7 సైట్లు నడుపుతున్న మన తెలుగు సంఘాల వాళ్ల కోసం బ్యాక్‌డ్రాప్ సీఎంఎస్ కొత్త వెర్షన్ గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను. సీఎంఎస్ అంటే వెబ్‌సైట్ పేజీలు రాసుకుని, మార్చుకునే సాఫ్ట్‌వేర్, డ్రూపల్ కూడా అలాంటిదే. దాన్నే తెలుగులో ‘విషయ నిర్వహణ వ్యవస్థ’ అన్నాను. మొదటి వాక్యం ఇది: “తేలికపాటి విషయ నిర్వహణ వ్యవస్థ యొక్క నూతన సంస్కరణ విడుదల చేయబడింది.” వ్యాకరణం బాగానే ఉన్నట్టుంది. చదివితే మాత్రం ఏమీ తలకెక్కడం లేదు. లోపం ఎక్కడుందంటారు?

*

‘యొక్క’, ‘చేయబడింది’ ఎలాగూ తీసేస్తారు కాబట్టి వాటి జోలికి పోను. అసలు చిక్కు ‘తేలికపాటి’ దగ్గరుంది. అది వెళ్లి పక్కనున్న ‘విషయ’కి అతుక్కుంది. తేలికపాటి విషయాలను నిర్వహించే వ్యవస్థట! పిచ్చాపాటీ కబుర్లకి ఒక సైట్ పెట్టారేమో అనుకుంటారు.

పైగా ‘తేలికపాటి’ వాతావరణ శాఖ వాళ్ల మాట. తేలికపాటి జల్లులంటే జోరు లేనివి. పోనీ ‘తేలికైన’ అందామా అంటే, తేలికైన లెక్కలాగా సులువైనదనే అర్థం ముందు తగులుతుంది. మీరు చెప్పదలచుకున్నది సర్వర్ మీద పడే బరువు గురించి. దాన్ని విశేషణంలో కుక్కకుండా ‘తక్కువ ఖరీదు షేర్డ్ హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది’ అని విడిగా రాస్తే సరిపోదూ? షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకోవడమే కదా.

ఇక ‘సంస్కరణ’. హిందీలో ఆ మాటకి పుస్తకం ఎడిషన్ అని అర్థం. మనకి మాత్రం భూసంస్కరణలు, 1991 నాటి ఆర్థిక సంస్కరణలు గుర్తొస్తాయి. వీరేశలింగం పంతులు గారు సంఘంలో చేసింది సంస్కరణ. 1852 నాటి బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువును దిద్ది 1903లో మళ్లీ తెచ్చినప్పుడు అందులోనూ ఆయన చెయ్యి ఉంది. ఆ పుస్తకాన్ని మాత్రం రెండో కూర్పు అనాలి. ఉన్నదాన్ని ఉన్నట్టే మళ్లీ అచ్చేస్తే ముద్రణ, లోపల చెయ్యి పెట్టి మారిస్తే కూర్పు. సాఫ్ట్‌వేర్‌కి ఇంతకంటే సరిపోయే మాట నాకు తెలియదు.

*

మాస్టారూ, మాట బాగుంది గానీ ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. తెలుగు వికీపీడియాలో ఎవరు ఒక్క కామా మార్చి భద్రపరిచినా అదో కూర్పే. ‘కూర్పుల మధ్య తేడాలు’ అని చూపిస్తుంది కదా. సీఎంఎస్‌లోనూ ఒక్కో పేజీకి పాత ప్రతులు అలాగే దాచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ని కూడా కూర్పు అంటే, “పాత కూర్పుకి వెళ్లండి” అన్నప్పుడు పేజీనా, మొత్తం సైటా? రాత్రి పదింటికి అప్‌డేట్ పెట్టుకుని టెన్షన్‌లో ఉన్నవాడికి ఈ అనుమానం రాకూడదు. పేజీకి కూర్పు, సాఫ్ట్‌వేర్‌కి వెర్షన్. నా ఓటు దానికే.

అక్కా, ఇంకో సంగతి. అంకెల గురించి ఒక వాక్యం తప్పకుండా రాయండి. బ్యాక్‌డ్రాప్ 1.0 వచ్చింది 2015 జనవరి 15న. అప్పట్నుంచి ఏటా జనవరి, మే, సెప్టెంబర్ నెలల్లో 15వ తేదీకి ఒకటి చొప్పున లెక్కేసుకుంటే 2025 జనవరికి 1.30. మనవాళ్లు దీన్ని గడియారం చూసినట్టు ఒకటిన్నర అని చదివినా ఆశ్చర్యం లేదు! చుక్క ఉంది గానీ ఇది దశాంశం కాదు. 1.9 తర్వాత 1.10 వస్తుంది, అది వెనక్కి పోయినట్టు కాదు. వర్డ్‌ప్రెస్ అనే ఇంకో సీఎంఎస్‌లో 5.9 తర్వాత 6.0 రావడం చూసి అలవాటైనవాళ్లు ఇక్కడే తడబడతారు.

*

ఇద్దరికీ ధన్యవాదాలు. వెర్షన్ అనే ఉంచేస్తున్నాను, కూర్పు పేజీలకి. ఇప్పుడు ఇలా ఉంది: “బ్యాక్‌డ్రాప్ కొత్త వెర్షన్ వచ్చింది. చిన్న సంస్థల సైట్ల కోసం చేసిన ఈ సీఎంఎస్, తక్కువ ఖరీదు షేర్డ్ హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది. డ్రూపల్ 7కి అధికారిక మద్దతు 2025 జనవరి 5తో ఆగిపోయింది కాబట్టి ఆ సైట్లను ఇందులోకి మార్చుకోవచ్చు.” బ్యాక్‌డ్రాప్ డ్రూపల్ 7 నుంచి వచ్చిన ఫోర్క్ (దాని కోడ్ తీసుకుని వేరే దారిలో పెంచిన సాఫ్ట్‌వేర్) అని కూడా చెప్పాలి. ‘చీలిక’ అంటే బాగుంటుందా?

*

చీలిక వద్దండీ, పార్టీలో గొడవ జరిగినట్టుంటుంది. ‘పాయ’ అనండి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది, రెండూ పారుతూనే ఉంటాయి. “డ్రూపల్ 7 నుంచి విడివడిన పాయ” అంటే కోనసీమవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. మిగతావాళ్ల కోసం పక్కన ఫోర్క్ అని కూడా వేయండి.